తలకి సంచి

మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడు ఒక్క ఆటా గెలవలేదు. ఇదే ఆఖరిది. ఇందులోనూ ముప్పై పాయింట్లు వెనకబడ్డాం. ఊరి పక్కనున్న ఎరీ సరస్సు మీంచి మంచు కొడుతోంది. స్టేడియంలో సగం మంది సిగ్గుతో తలకి కాగితం సంచులు తొడుక్కున్నారు. కళ్ళ దగ్గర రెండు కన్నాలు పెట్టుకుని నేనూ తొడుక్కున్నాను.

ఇరవై ఏళ్ళుగా నా పక్క సీటు వెర్నాది. ఆవిడకీ ఒకటి అందించాను.

"వేసుకో తల్లీ. టీవీలో కనిపిస్తే పరువు పోతుంది."

"నీకు పరువుందని ఇవాళే తెలిసింది, లైల్."

"ఓడిపోతున్నాం, కనబడటం లేదూ?"

వెర్నా లేచి నిలబడి ఉన్ని టోపీ తీసేసింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ నున్నటి గుండు నిండా మా జట్టు నారింజ రంగు పూసుకొచ్చింది.

"క్యాన్సర్‌కి మందు ఎక్కించింది చాలు, ఇంక లాభం లేదన్నారు డాక్టర్లు, మొన్న మంగళవారం. నేనూ ఓడిపోతున్నాను. చెప్పు, నన్నూ మొహం దాచుకోమంటావా?"

నా సంచి పీకి కింద పడేశాను.

"ఏడవకు," అంది వెర్నా, మైదానం మీంచి చూపు తిప్పకుండా. "లేచి కేకలెయ్. ఇంకా నాలుగు నిమిషాల ఆటుంది."