కోళ్ళ పాఠం

మూడో రోజు క్లాసు ఎగ్గొట్టి మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోదామనుకుంది డాక్టర్ అర్పిత.

కోలారులో పశువైద్యులకు మూడు రోజుల శిక్షణ అది. మొదటి రోజు కుక్కలు, పిల్లులు. రెండో రోజు గుర్రాలు. ఆఖరి రోజు కోళ్ళు. కేజీఎఫ్ ఆసుపత్రిలో ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెంపుడు కుక్కలే. కోళ్ళ పాఠంతో తనకేం పని? అయినా మొహమాటానికి వెనక వరసలో కూర్చుంది.

తెరమీద ఒక కోడి బొమ్మ పడింది. తలమీది జుట్టు నీలంగా కమిలిపోయి ఉంది. కాళ్ళమీద ఎర్రటి మచ్చలు.

"దీన్ని చూసి ఎండదెబ్బ అనుకుంటాం. కానీ బర్డ్ ఫ్లూలో కూడా ఇలాగే మొదలవుతుంది," అన్నారు పాఠం చెబుతున్న జిల్లా అధికారి శ్రీరామప్ప.

అర్పిత చేతిలో టీ చల్లారిపోయింది. మొన్న ఆదివారం టేకల్‌లో, చిన్నవెంకటప్ప కోళ్ళ షెడ్డులో, సరిగ్గా ఇలాంటి కోడినే చూసింది. ఎండదెబ్బ అనే చెప్పింది. నీళ్ళలో కలిపే పొడి ఒకటి రాసిచ్చి వచ్చేసింది.

క్లాసు అయ్యాక శ్రీరామప్పతో అంతా చెప్పింది.

"వేరేవాళ్ళను పంపనా అమ్మా?" అన్నారాయన.

"వద్దు సార్. నేనే పోతాను."

ఆమె వెళ్ళేసరికి చిన్నవెంకటప్ప షెడ్డు ముందు గోనెపట్ట మీద కూర్చుని ఉన్నాడు.

"చచ్చినవాటిని పూడ్చేసినా. మిగిలినవి రేపు లారీకెత్తిస్తా," అన్నాడు.

"ఎత్తకూడదప్పా. ల్యాబుకు పంపి చూడాల."

"నువ్వు నోరు తెరవకుంటే ఎవురికి తెలుస్తాది?"

"అదే జబ్బయితే ఊరంతా పాకుతాదప్పా. మనుషులకూ రావచ్చు."

అతను షెడ్డు వైపు చూశాడు. "ఈ షెడ్డు మీదనే బిడ్డను సదివించుకున్నా. తెలుసునా నీకు?"

"తెలుసప్పా."

అర్పిత గ్లవుసులు తొడుక్కుంది. దూదిపుల్లతో ఒక్కొక్క కోడి గొంతు తుడిచి సీసాల్లో వేసింది.

కోళ్ళు లారీ ఎక్కలేదు. నాలుగు రోజులకు ల్యాబు వాళ్ళు జబ్బు అదేనన్నారు.

మరునాడు తెల్లటి సూట్లు వేసుకున్న మనుషులు జీపుల్లో దిగారు. జేసీబీ గుంత తవ్వింది. ఊరివాళ్ళు ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి చూశారు. ఒక్కొక్క కోడినీ పట్టుకోవడం, మెడ విరవడం, సంచిలో వేయడం. అర్పిత దగ్గరుండి సంచులు కట్టించింది. సున్నం చల్లించింది. పన్ను పీకేముందు చిగుళ్ళకు సూది వేస్తే ఎలా ఉంటుందో, ఆమెకు ఒళ్ళంతా అలా మొద్దుబారి ఉంది.

"పెరటికోళ్ళు కూడా తీయాల మేడం," అన్నాడొకతను.

చిన్నవెంకటప్ప భార్య తాయమ్మ గంపకింద దాచిన కోడిని తనే ఎత్తుకొచ్చింది.

"పొదుగుతా ఉండాది. గుడ్లు ఇంగా వెచ్చగానే ఉండాయి."

"ఇవ్వమ్మా."

తాయమ్మ ఇచ్చింది. అర్పిత దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. ఆ పనీ తనే చేసింది.

పొద్దు వాలేసరికి షెడ్డులో చప్పుడు లేదు. చిన్నవెంకటప్ప వసారాలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుంతమీద మట్టి చదును చేసి జేసీబీ వెళ్ళిపోయింది.

డ్రైవర్ కేశవ జీపు స్టార్టు చేశాడు. "రండి మేడం, కేజీఎఫ్‌లో దించేసి పోతాను."

"మీరు పొండి కేశవా."

ఈ ఊళ్ళో, ఈ మనుషుల మధ్య ఈమెకు ఇంకా ఏం పనో అతనికి అర్థం కాలేదు. అడగలేక వెళ్ళిపోయాడు.

పెరట్లో తాయమ్మ కాగునిండా వేణ్ణీళ్ళు కాచి ఉంచింది. అర్పిత ఒళ్ళు రుద్దుకుని, రుద్దుకుని తలస్నానం చేసింది. వచ్చేసరికి పళ్ళెంలో రాగిసంగటి, ఉలవచారు పెట్టి ఉన్నాయి. ముద్ద తుంచింది కానీ నోట్లో పెట్టుకోలేదు.

"తినేసి పడుకో, మీ నాయన ఇంగ కొన్ని దినాలు నీతో మాట్లాడడు," అంది తాయమ్మ.