చక్కెర మానేసిన ఇల్లు

చక్కెర డబ్బా బీరువాలో, నా పెళ్లి చీరల మధ్య ఉంది. తాళం మా మామయ్య మోషే గారి జేబులో.

తప్పు నాదే.

పెళ్లైన పదో రోజు, అన్నాల దగ్గర రత్నాకర్ అడిగాడు. "బయోకెమిస్ట్రీల ఏం చెప్తరు, నవోమీ?"

మొగుడు మొదటిసారి నా చదువు గురించి అడిగాడు. ఉబ్బిపోయాను.

"క్యాన్సర్ కణానికి చక్కెర పిచ్చి. మామూలు కణం కంటే ఎన్నో రెట్లు గుంజుకుంటది. మంచిగ కాల్చుకోదు, సగంల వదిలేస్తది. అయినా ఇంకా కావాలంటది."

రత్నాకర్ నన్నే చూస్తున్నాడు. ఆ సంబరంలో, మామయ్య ముద్ద ఆపి వినడం చూసుకోలేదు.

అత్తమ్మకు రొమ్ము క్యాన్సర్. అప్పటికే రెండు కీమోలు అయ్యాయి.

తెల్లారేసరికి చక్కెర పోయింది. తర్వాత అన్నం. ప్రార్థనకొచ్చిన చర్చి ఆడవాళ్లు తెచ్చిన అరటిపళ్లు తిరిగి వాళ్ల సంచిలోకే వెళ్లాయి.

"ఉపవాసం," అన్నారు మామయ్య. "రోగానికి."

ఇద్దరికీ ఉడికించిన సొరకాయ. అవును, ఆయనా అదే తింటున్నారు. అందుకే గట్టిగా అరవలేకపోయాను.

"మామయ్యా, మనం బంద్ పెట్టినా క్యాన్సర్‌కు చక్కెర దొరుకుతది. ఒంట్ల కండ కరిగి చక్కెరైతది. ఎండిపోయేది అత్తమ్మ."

"అది చక్కెరే తింటదని నువ్వే చెప్తివి గద బిడ్డా."

"సగమే విన్నరు."

"సగం చాలు. మిగిలింది ప్రభువు చూసుకుంటడు."

రోజూ ఇదే.

రత్నాకర్‌కి చెబితే, "నాయిన ఎవరి మాట ఇంటడు?" అని మల్లెపూలు తెచ్చాడు. పూలు పెట్టుకున్నాను. కోపం అలాగే ఉంది.

ఒక మధ్యాహ్నం దొంగతనంగా పెరుగన్నం కలిపాను. అత్తమ్మ రెండు ముద్దలు నమలకుండానే మింగింది.

మూడో ముద్దకు మామయ్య వచ్చారు.

శుక్రవారం దవాఖానలో తూకం వేశారు. ముప్పై ఎనిమిది కిలోలు. మూడు వారాల్లో ఐదు కిలోలు పోయాయి.

"గింత తగ్గితే మూడో కీమో ఇయ్యలేం," అంది డాక్టరమ్మ. "ఈమెకు ఏం పెడ్తున్నరు?"

నేను నోరు తెరిచాను. మామయ్య కూడా తెరిచారు.

అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన మంచిగనే పెడ్తుండు మేడం. నాకే తినబుద్ధైతలేదు."

డాక్టరమ్మ ఫైలులో రాసుకుంది: ఆకలి లేదు.