గాలి లేని రాత్రి

పాత వాయుపీడన లెక్కలు కంప్యూటర్లో ఎక్కించి, ఒకప్పటి గాలులను పటం మీద గీయించడం ఆవిడ ఉద్యోగం. ఆ రాత్రి ఆఫీసులో ఒంటరిగా కూర్చుని, తన భర్త సముద్రంలో పోయిన నాటి లెక్కలు తెరిచింది. పెనుగాలికి పడవ బోల్తాపడిందని, ఒక్కడే ఈదుకొచ్చిన మరిది అప్పట్లో చెప్పాడు.

పటం మీద గాలిని చూపే బాణం ఒక్కటీ పడలేదు. మళ్లీ గీయించింది. రేవులన్నిటా పీడనం ఒకేలా ఉంది. తేడా లేనిచోట గాలి పుట్టదు. ఆవిడకి ఏడుపు రాలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రోజూలాగే ఇంటికి తీసుకెళ్లడానికి మరిది వచ్చాడు.

"ఇంకా అవలేదా వదినా?"

"ఆ రోజు అసలు గాలే లేదు," అంది ఆవిడ.

అతను తెర వంక చూశాడు. తర్వాత వెనక్కెళ్లి తలుపు గడియ పెట్టాడు.

"ఇది ఇంకెవరికైనా చూపించావా?"