గుమ్మం వైపు చూసే అక్షరాలు

"ఈ అక్షరాలు కడుపునిండా తిని కూర్చున్నట్టున్నాయి మాస్టారూ," అన్నాడు దర్శకుడు.

బల్ల మీద ఆరు నల్ల అట్టలు పరిచి ఉన్నాయి. ఒక్కోదాని మీద తెల్లరంగుతో ఒక్కో పేరు. సినిమా మొదట్లో పడే పేర్లు.

మాస్టారు తల గోక్కున్నాడు. ఆయన భార్య కాఫీ పళ్ళెంతో తలుపు దగ్గర నిలబడింది. వేలికంటిన తెల్లరంగు కనబడకుండా వేలు పళ్ళెం కిందికి ముడుచుకుంది.

లోకానికి టైటిల్స్ రాసేది మాస్టారే. ఇంట్లో మాత్రం గీతలు ఆయనవి, రాతలు ఆమెవి. పెన్సిలుతో అడ్డగీతలు కొట్టి ఆయన లేచిపోతాడు. కుంచె ఆమె పడుతుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆయనకు జ్వరమొస్తే ఆమె రాసింది. ఆ జ్వరం బావకి ఇంకా తగ్గలేదక్కా అని తమ్ముడు వేళాకోళం చేసేవాడు.

ఆమె చేతికి ఒకటే జబ్బు. మనసులో ఏముంటే అక్షరంలోకి అదే దిగుతుంది.

"కథ చెప్పాను కదా," అన్నాడు దర్శకుడు. "సముద్రం మీదికి పోయిన మొగుడి కోసం ఒకావిడ పదేళ్ళు గుమ్మంలో కూచుంటుంది. తెర మీద ఖాళీ గుమ్మం. పక్కన ఒక్కో పేరూ వచ్చి పోతుంది. అంతే. జనం కుర్చీల్లో సర్దుకునేలోపే, ఎవరో రావాలి, ఇంకా రావట్లేదు అనిపించాలి. ఏడవమని నేను తర్వాత చెప్తాను. ఎదురుచూడమని మాత్రం ఈ పేర్లే చెప్పాలి."

"ఎదురుచూస్తున్నట్టే రాశానండీ," అన్నాడు మాస్టారు.

"ఎక్కడి ఎదురుచూపులండీ. వీటిని చూస్తుంటే మొగుడు పెరట్లోనే ఉన్నట్టుంది. నెల రోజులిస్తాను. కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటాను."

కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

"విన్నావుగా," అన్నాడు మాస్టారు.

"విన్నాను. ఎదురుచూడ్డం నాకేం తెలుసండీ? పొద్దున వెళ్ళిన మీరు సాయంత్రానికి వస్తారు. శనివారమొస్తే వాడొస్తాడు."

వాడంటే తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక ఆమె చేతుల్లో పెరిగినవాడు. కుట్టుమిషన్లు బాగుచేస్తూ ఊళ్ళు తిరుగుతాడు. ఎక్కడున్నా శనివారం మధ్యాహ్నానికి అక్క ఇంట్లో దిగుతాడు. ముందు మెట్ల మీద దగ్గు వినబడేది, వెనకాల మనిషి వచ్చేవాడు.

ఆ శనివారం దగ్గు వినబడలేదు.

పై శనివారం కూడా రాలేదు. ఆమె కూర గిన్నె దించింది. మళ్ళీ వేడిచేసింది. మళ్ళీ దించింది.

"ఒకసారి వాడి గదికి వెళ్ళి చూసి రండి," అంది.

మాస్టారు వెళ్ళొచ్చాడు.

"తాళం వేసుంది. దూరం ఊళ్ళకేవో వెళ్ళాడట."

"నాకు చెప్పకుండా ఎప్పుడన్నా వెళ్ళాడా?"

మాస్టారు కుంచెలు తుడవడం మొదలుపెట్టాడు.

"పోయినసారి నువ్వు వాణ్ణి ఓ మాటన్నావు. తిండివేళకి తప్ప అక్క గుర్తురాదురా నీకు అని. మనసులో పెట్టుకున్నాడేమో."

"అయ్యో, అది నవ్వులాటకి అన్నానండీ."

"నాకు తెలుసు. వాడికి తెలియాలిగా."

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. కుంచె ముట్టింది.

మర్నాడు చెప్పులేసుకుని తనే బయల్దేరబోయింది. మాస్టారు ఆపాడు.

"ఎక్కడని వెతుకుతావు? స్టూడియో నుంచి వస్తూ రోజూ నేను కనుక్కుంటానులే."

అన్నట్టే రోజూ గంట ఆలస్యంగా వచ్చేవాడు. పాపం, నా తమ్ముడి కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు అనుకునేది. ఆయన రాగానే కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టేది. ఆయన చొక్కా తీసి కొక్కేనికి తగిలించేది. ఇల్లంతా రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన. ఆ ఇంట్లో ఇంకే వాసనా నిలవదు.

ఆమె రాస్తూనే ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే కుంచె ఆగేది. పక్కింటివాళ్ళని తెలిశాక మళ్ళీ కదిలేది.

నెల తిరక్కుండానే దర్శకుడు వచ్చాడు. అట్టలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. మూడోదాని దగ్గర కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ దీర్ఘాలు చూడండి మాస్టారూ. మెడలు చాచి వీధిలోకి చూస్తున్నట్టు లేవూ? ఈ పేరు సగంలో ఆగి, ఏదో చప్పుడు విని, మళ్ళీ మొదలైంది. వీటి వెనక నేను పాట కూడా పెట్టను. మీ చెయ్యి బంగారం."

"ఏదో మీ అభిమానం," అన్నాడు మాస్టారు.

"ఇంకా పదకొండు పేర్లున్నాయి. అన్నిట్లోనూ ఇదే గుణం ఉండాలి. ఈ మనసు చెదరనివ్వకండి."

"చెదరనివ్వను."

దర్శకుణ్ణి సాగనంపి మాస్టారు లోపలికి వచ్చేసరికి, ఆమె బల్లని గుమ్మం కనబడేలా జరుపుకుంటోంది. ఆయన రెండో కొస పట్టాడు.

"వాడి సంగతి ఏమన్నా తెలిసిందా?" అంది.

"రేపు మళ్ళీ కనుక్కుంటాను. ముందు ఆ పదకొండూ కానియ్యి."

ఆమె తలూపి కుంచె తడిపింది.

మర్నాడు సాయంత్రం మాస్టారు ఎప్పటిలాగే స్టూడియో నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి, డాక్టర్లు ఆశ వదిలేసిన బావమరిది పక్కన గంటసేపు కూర్చుని, "ఇవాళన్నా అక్క వస్తానందా బావా?" అని వాడడిగితే, "లేదురా, దానికి నీమీద ఇంకా కోపం తగ్గలేదు," అని చెప్పి, దుప్పటి సర్ది ఇంటికొచ్చాడు.