నీళ్లు తప్ప ఏదీ పోదు

“అమ్మా, తప్పయింది. మీకు పండ్లు తెంపిచ్చిననాడు తోటల మందు కొట్టిన. నాలుగు దినాల సంది మనసుల పీకుతుంది. గా పండ్లు ఎవ్వరికి పెట్టకుండ్రి.”

అంతే. చేగుంట ఐలయ్య ఫోన్ పెట్టేశాడు. సాలెహా మళ్లీ చేస్తే స్విచాఫ్.

ఐలయ్య పట్టుపురుగుల మేత కోసం పెంచే తోట నుంచి పది కిలోల మల్బరీ పండ్లు తెచ్చి, వెనక గదిలోని ఫ్రీజ్ డ్రయ్యర్‌లో ఎండబెట్టింది తనే. మసీదులో రోజా విడిచేవాళ్లకు పంచుతానని ఐలయ్యకు చెప్పి మరీ తెచ్చింది. ఆ పొట్లాలన్నీ బల్ల మీదే ఉన్నాయి. ఒక్క డబ్బా మాత్రం, ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చిన కూతురి ముందు పెట్టింది. మధ్యాహ్నం, తన చేతులతోనే.

పరుగున ముందు గదిలోకి వెళ్లింది. కూతురు ఉమ్మె హాని దివాన్ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. డబ్బా ఖాళీ. పెదాలు, నాలుక, వేళ్ల కొసలు అన్నీ ఊదారంగు.

“మొత్తం తిన్నవా బేటా?”

“మస్తున్నయి అమ్మీ. నోట్ల పెడితే కరుగుతున్నయి. ఇంకో డబ్బా ఉన్నదా?”

సాలెహా ఖాళీ డబ్బాను చేతిలోకి తీసుకుంది. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె గర్వంగా చెప్పే మాట ఒకటుంది. మా మిషన్‌లో నీళ్లు తప్ప ఏదీ పోదు. పండు గడ్డకడుతుంది, మిషన్ గాలంతా లాగేస్తుంది, మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. రంగు, రుచి, సత్తువ అన్నీ పండులోనే ఉంటాయి. మరి మందు మాత్రం ఎక్కడికి పోతుంది? కిలో పండ్లు ఎండి కాగితమంత తేలికై ఆ డబ్బాలో పట్టాయి. కిలో పండ్ల మందూ ఇప్పుడు పిల్ల కడుపులో ఉంది.

“చెప్పులేసుకో. దవాఖానకు పోదాం.”

“ఎందుకమ్మీ?”

“దారిల చెప్త.”

దారిలో చెప్పనే లేదు. ఆటోలో కూతురి చేయి గట్టిగా పట్టుకుని తెలిసిన దువాలన్నీ చదివింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరేసరికి ఉమ్మె హాని పక్కకు వంగి భళ్లున కక్కుకుంది. ఊదారంగు వాంతి. సాలెహా కొంగుతో కూతురి మూతి తుడిచింది.

దవాఖానలో సాలెహా సంగతి చెప్పగానే, డ్యూటీ డాక్టర్ రచన ఉమ్మె హాని కళ్లలో లైటు వేసి చూసింది. నాడి, బీపీ చూసింది.

“ఏం మందు?”

“తెల్వది డాక్టరమ్మా.”

“పేరు తెల్వకుంటే విరుగుడు ఎట్ల ఇయ్యాలె? కడుపుల బిడ్డ ఉన్నది, అందాజాగ ఏదంటే అది ఇయ్యలేను. ఇప్పటికైతే మంచిగనే ఉన్నది. మందు సీసా తెప్పియ్యుండ్రి జల్ది. ఏమన్న తేడా వస్తే హైదరాబాద్ పంపుడే.”

సాలెహా దుకాణంలో ఉన్న భర్త మన్సూర్‌కు ఫోన్ చేసింది. “అజీ, బండి తీస్కొని చేగుంట పోండ్రి. ఐలయ్య తోటల మందు కొట్టిండట. గా సీసా కావాలె. పిల్ల గా పండ్లే తిన్నది.”

ఆ తరువాత ఆమె బెంచీ మీద కూర్చున్నదెంతసేపు? లోపల కూతురు దగ్గినా లేచింది, మంచం కిర్రుమన్నా లేచింది.

“బిడ్డ కదులుతుందా?”

“కదులుతుందమ్మీ.”

ఐదు నిమిషాలకోసారి అదే ప్రశ్న. నాలుగోసారి అడిగితే ఉమ్మె హాని పొట్ట మీద అరచేయి ఆనించి పైకప్పు వైపు చూసింది.

“ఇప్పుడు కదులుతలేదు,” అంది చివరికి.

డాక్టర్ వచ్చి బిడ్డ గుండె చప్పుడు విన్నది. ఉంది గానీ కొంచెం జోరుగా ఉందని, అంబులెన్స్‌ను సిద్ధంగా ఉంచమని నర్సుకు చెప్పింది. సాలెహా మళ్లీ కూతురి మంచం పక్కకు వచ్చింది. తన చేతులతో తనే పెట్టింది. ఆ మాట తప్ప ఇంకో మాట ఆమె బుర్రలోకి రావడం లేదు.

అప్పుడు మన్సూర్ ఫోన్. “దొరికిండు. సీసా పొదల దాసిపెట్టిండట, తీస్తుండు. నన్ను జూసి గజగజ వణుకుతుండు.”

“ఏం మందట?”

“నోరిప్పుతలేడు. సీసాను తువ్వాలల చుట్టి పట్టుకున్నడు. ఎక్కించుకొని వస్తున్న.”

పొదల్లో దాచాడంటే అది అమ్మకూడని మందే అయి ఉంటుంది.

పొద్దుగూకి, రోజా విడిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది. పొద్దున్నుంచి రోజా ఉన్న సాలెహాకు నీళ్లు తాగాలన్న ధ్యాసే లేదు. అజాన్ ముగుస్తుండగా మన్సూర్ బండి వచ్చి ఆగింది. వెనక నుంచి ఐలయ్య దిగాడు, తువ్వాల మూటను రొమ్ముకు కరుచుకుని.

“సీసా ఇటియ్యి,” అంది డాక్టర్.

ఐలయ్య చుట్టూ చూశాడు. “గిక్కడనా డాక్టరమ్మా? గింతమంది ముందటనా?”

“ఇయ్యవయ్యా, ఆడ పానం పోతుంటే,” అంది సాలెహా.

డాక్టర్ చేతులకు గ్లౌజులు తొడుక్కుని తువ్వాల విప్పింది. లేబుల్ చదివింది. మూత తీసి వాసన చూసింది. తల ఎత్తి ఐలయ్య మొహం చూసింది.

“నువ్వు కొట్టింది ఇదేనా?”

“ఇదే.”

“మల్బరీ చెట్లకా?”

ఐలయ్య తల ఎత్తలేదు. “చెట్లకు కొడితే నా పురుగులు సావవా డాక్టరమ్మా? నేనే ఒక క్వార్టర్ కొట్టి, గవే చేతుల్తోని రోజా ఉన్నోళ్లకిచ్చే పండ్లు తెంపిన.”