గుర్తు చూపించని చోటు

"గంట నుంచీ ఈ గేమ్‌లో ఒక్క క్వెస్ట్‌తోనే చస్తున్నాను నాన్నా! ముసలాయనకి ఉత్తరం ఇవ్వాలట. మ్యాప్‌లో గుర్తు ఈ కూలిన ఇంటి మీదే ఉంది. మనిషి మాత్రం లేడు!" కూతురు కంట్రోలర్‌ని సోఫా మీదికి విసిరేసింది.

ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన తండ్రి టీవీకి బాగా దగ్గరగా వచ్చి చూశాడు.

"ఎవరినైనా అడిగావా?"

"ఇది గేమ్ నాన్నా. గుర్తు ఎక్కడుంటే అక్కడికి వెళ్లడమే."

"ఇల్లు దొరక్కపోతే నేను పక్కింటివాళ్లనే అడిగేవాణ్ణి. ఆ బావి దగ్గర ఒకావిడ ఉందిగా, అడుగు."

విసుక్కుంటూనే కంట్రోలర్ అందుకుంది. ఆవిడ నోరు తెరవగానే, ఇందాకటిలాగే అలవాటుగా వేలు మాటలు దాటేసే స్కిప్ బటన్ మీదికి పోయింది.

"ఆగమ్మా. పూర్తిగా చెప్పనీ."

"ఇందాకే చెప్పాను కదమ్మాయ్," అంది తెర మీది ఆవిడ. "ఇల్లు కూలిపోయాక ఆయన వంతెన కింద ఉంటున్నాడని."

కూతురు వంతెన వైపు కదల్లేదు. తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, పొద్దున నువ్వేదో చెప్పబోయావు కదా?"

"చెప్పబోవడమేంటి, మూడుసార్లు చెప్పాను," అన్నాడు తండ్రి. "రేపు నా కంటి ఆపరేషన్. తోడు మనిషి లేకపోతే రావద్దన్నారు."