మొదటి బంతి ఆరింటికి

ఆరైంది. బల్లల మీద ఆకులు వేసి ఉన్నాయి. గ్లాసుల్లో నీళ్ళు పోసి ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఒక్కో ఆకు దగ్గర పేరు రాసిన చీటీ కూడా ఉంది. లేనిదల్లా మనుషులే.

షామియానా గుమ్మంలో కామేశ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడకి నల్ల బో టై. టూరిస్టు ఓడలో వెయిటరుగా రోజూ సాయంత్రం ఎలా నిలబడతాడో, అక్కుపల్లిలో తన కొత్తింటి విందుకీ అలాగే నిలబడ్డాడు. ఎవరూ లేని వీధి వైపు చూసి చిరునవ్వు కూడా నవ్వుతున్నాడు, అలవాటు కొద్దీ.

"పిలుపుకి ఎవుల్నైనా పంపరా" అంది తల్లి చిన్నమ్మి.

"పలాసలో కార్డులు అచ్చేయించి ఇంటింటికీ ఇచ్చినాను కదే అమ్మా. మొదటి బంతి ఆరింటికి, రెండో బంతి ఎనిమిదింటికి అని పెద్దచ్చరాల్తో ఉంది. ఇంకేటి పిలుపు?"

"కార్డు కార్డే. ఆకేసినాక ఇంకోపాలి ఎల్లి, 'ఆకులేసినాం, రండి' అనాల. అనకుండా ఎవులొత్తారు, తిండికి మొకం వాసినట్టు?"

"ఓడలో రెండేల మంది తింతారు. ఒక్కల్నీ పిలవం. టయానికి ఆలే వత్తారు. పావుగంట దాటితే తలుపు మూసీడమే. ఒక్కడి కోసం బల్ల కాడ అందర్నీ కూకోబెట్టడం మర్యాద కాదు."

ఈ మర్యాద కామేశ్ సొంతం కాదు. ఓడలో భోజనాల హాలుకి పెద్ద అయిన డిమెల్లో నూరిపోసింది. ఆయనది గోవా, అయినా అక్కుపల్లికి దొరే. కలకత్తా వెళుతూ, కామేశ్ బతిమాలితే పలాసలో రైలు దిగి అద్దె కారులో వచ్చాడు. సెలవులయ్యాక హెడ్ వెయిటరుగా ఎవరిని పెట్టాలో తేల్చేది ఆయనే. మా ఊరివాళ్ళూ టైముకి బంతికి కూర్చోగలరు అని ఆయనకి చూపించాలని కామేశ్ తాపత్రయం. అందుకే ఈ కార్డులూ, చీటీలూ, ఈ ఉక్కలో మెడకి ఈ బో. ఇల్లంతా సందడిగా ఉందని దొరని వీధి చివర రామూర్తి ఇంట్లో దింపాడు. రామూర్తి రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, ఇంగ్లీషు బాగా వచ్చు.

ఊరు రాలేదంటే పోనీ, ఊరి సంగతి తెలిసిందే. నిమిషం తప్పని డిమెల్లో కూడా రాలేదేమిటో కామేశ్‌కి అంతుపట్టలేదు.

అంతలో బావమరిది పోలారావు గబగబా వచ్చాడు. "బావా, దొర కారు ఇందాకే పూండి ఏపు ఎల్లిపోనాదట."

"దొర ఉన్నాడా అందులో?"

"ఏమో, అద్దాలెత్తీసున్నాయంట."

కామేశ్ వీధి మలుపు వైపు చూశాడు. దొర మలుపు దాకా వచ్చి ఉంటాడు, ఖాళీ బల్లలు చూసి ఉంటాడు, వెనక్కి తిరిగి ఉంటాడు. సొంతింటి విందుకి నలుగుర్ని కూర్చోబెట్టలేనివాడికి అంత పెద్ద హాలు ఎవడు అప్పగిస్తాడు? గడియారం చూసుకున్నాడు. పావుగంట దాటింది. లెక్క ప్రకారం ఇప్పుడు తలుపు మూసెయ్యాలి. మూయడానికైనా ఎవడో ఒకడు రావాలి కదా.

మెడలో బో పీకి జేబులో కుక్కుకున్నాడు.

"ఎక్కడ మొదలెట్టాల?" అన్నాడు తల్లితో.

"ఈ చివర్నుంచి. ఒక్క గడప వదిలినా ఆలు జన్మలో మన మొకం సూడరు."

మొదటి ఇల్లు సన్యాసయ్యది. మొగుడూ పెళ్ళాం పిల్లలూ కొత్త బట్టలు కట్టుకుని, తలలు దువ్వుకుని, అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నారు. కామేశ్ "ఆకులేసినాం..." అన్నాడో లేదో సన్యాసయ్య లేచి కండువా దులిపాడు.

"ఇప్పుడా రాడం? మీ పనసకాయ కూర వాసనకి పిల్లలు పేనం తీసేత్తన్నారు."

రెండో ఇంటి దగ్గరా అదే వరస, మూడో ఇంటి దగ్గరా అంతే. అడుగు బయట పెట్టడానికి అందరికీ ఒక్క మాటే తక్కువ. కామేశ్ వీధి సగానికి వచ్చేసరికి వెనక ఊరు ఊరంతా షామియానా వైపు నడుస్తోంది. సంతోషించాల్సిన మాటే, కానీ చూడవలసినవాడు చూడకుండానే వెళ్ళిపోయాడు. కామేశ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

వీధి చివర రామూర్తి గుమ్మం ఎక్కకుండా కిందే ఆగిపోయాడు. రామూర్తే అరుగు మీంచి దిగి ఎదురొచ్చాడు.

"దొర కారు ఎల్లిపోనాదంట కదా, మావా" అన్నాడు కామేశ్ తల వంచుకుని.

"డ్రైవరు ఆకలికి ఆగనేకపోనాడురా. పూండి ఎల్లి ఏదైనా తినీసి రమ్మని నానే పంపినాను."

"మరి దొర?"

రామూర్తి పక్కకి తప్పుకున్నాడు. అరుగు మీద కుర్చీలో కోటూ టై వేసుకుని, చేతి గడియారం వంక చూస్తూ డిమెల్లో కూర్చుని ఉన్నాడు.

"పిలుపు రాకుండా బయల్దేరితే ఇంటివాళ్ళని చిన్నబుచ్చినట్టని గార్డు గారు చెప్పారు" అన్నాడు ఇంగ్లీషులో. లేచి కోటు సర్దుకుని, కామేశ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆరింటి నుంచీ తయారుగా ఉన్నాను కామేశ్, ఆలస్యం చేసింది నువ్వు. హెడ్ వెయిటరువి అయ్యాక ఇలా చేస్తే మాత్రం ఊరుకోను."